వన్యప్రాణి ఎంఎస్సీ థీసిస్: కెమెరా ట్రాపా, లైన్ ట్రాన్సెక్టా?

అమ్రాబాద్, నాగార్జునసాగర్-శ్రీశైలం లాంటి అడవుల్లో ఆరు నెలల థీసిస్‌కు దిగేముందు తేల్చుకోండి: మీ ప్రశ్న పులి గురించా, దుప్పి గురించా?

పులైతే కెమెరా ట్రాపే, అంటే జంతువు ఎదుటికి రాగానే దానంతటదే ఫొటో తీసే కెమెరా. దారికి ఇరువైపులా జంటగా, మోకాలి ఎత్తున (30–45 సెం.మీ.) కట్టాలి. పులికి కుడి, ఎడమ పక్కల చారలు వేరు; ఒక్క కెమెరాతో సరిపెడితే ఒకే పులిని రెండుగా లెక్కేసే ప్రమాదం ఉంది. రెండింటినీ సూటిగా ఎదురెదురుగా పెట్టకండి, ఒకదాని ఫ్లాష్ రెండోదాని ఫొటోను చెడగొడుతుంది. ముందున్న గడ్డి కోయకపోతే కార్డు నిండా ఊగే గడ్డే!

ఒక్కోదాన్నీ గుర్తుపట్టడం కష్టమైన కణితి (సాంబార్), దుప్పులకు లైన్ ట్రాన్సెక్ట్ నయం, అంటే ముందే గీసుకున్న తిన్నని గీత వెంట నడుస్తూ కనబడిన జంతువులను, అవి ఎంత దూరంలో ఉన్నాయో రాసుకోవడం. తెల్లవారగానే 2 కి.మీ. నడక, చేతిలో దూరం కొలిచే రేంజ్‌ఫైండర్, దిక్సూచి. ఖర్చు తక్కువే, కాని నమ్మదగిన అంచనాకు కనీసం 60–80 సార్లు గుంపులు కనబడాలి. జంతువులు పలచగా ఉన్నచోట నడకలు పెంచక తప్పదు. జంతువు దూరాన్ని కొలవకుండా 10, 20 మీటర్లని ఉజ్జాయింపుగా రాసేయడం, సులువని జీపు దారినే గీతగా వాడడం, లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే.

ఏది ఎంచుకున్నా అటవీశాఖ అనుమతికి నెలలు పట్టొచ్చు. దరఖాస్తు ముందు పెట్టి, పద్ధతి తర్వాత చదువుకోండి.