ఎడమ జేబులో ఏ బైబిలు?

రెండో ప్రపంచయుద్ధం నాటి అమెరికా సైనికుల జేబు బైబిళ్లలో నాకు ఆసక్తిగా అనిపించేవి రెండు.

ఒకటి సర్కారు ఇచ్చింది. అట్ట తిప్పగానే 1941 నాటి అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ లేఖ ఉంటుంది. సర్వసేనాధిపతి హోదాలో, సైన్యంలో ఉన్న వాళ్లందరినీ బైబిలు చదవమంటాడు. ప్రొటెస్టంట్లకు, కాథలిక్కులకు, యూదులకు వేర్వేరుగా అచ్చువేయించారు. పల్చటి పుస్తకం, చదువుకోవడానికి హాయి.

రెండోది ఇంటివాళ్లు కొనిచ్చేది. పై అట్టకు బంగారు రంగు ఉక్కు రేకు, దాని మీద ‘ఇది నిన్ను ఆపద నుంచి కాపాడుగాక’ అని ఇంగ్లీషులో చెక్కిన మాట. గుండెకు అడ్డంగా ఉండేలా ఎడమ జేబులో పెట్టుకోవాలి. కొడుకును యుద్ధానికి పంపే తల్లి టెన్షన్‌ను అమ్మకందార్లు బాగానే పట్టుకున్నారు! వేగం చచ్చిన ఇనుప ముక్కనైతే ఆ రేకు ఆపుతుందేమో గానీ, దగ్గర నుంచి పేలిన రైఫిల్ తూటాకు అదొక లెక్క కాదు. పైగా చిరిగిన రేకు ముక్కలు గాయంలోకి దిగే ప్రమాదం ఒకటి.

చదవడానికైతే నా ఓటు మొదటిదానికే. కానీ అమ్మ చేతికిచ్చిన రేకు బైబిలును ఏ కొడుకు ఇంట్లో వదిలేసి వెళ్తాడు?