నాయన ల్యాప్‌టాప్‌కి వాట్సాప్ స్క్రీన్ షేరా, క్రోమ్ రిమోట్ డెస్క్‌టాపా?

తిరుపతిలో నాయన టీటీడీ సైట్‌లో దర్శనం టికెట్లు ల్యాప్‌టాప్‌లోనే చూసుకుంటాడు, ఎక్కడన్నా ఆగిపోతే నాకు ఫోన్. వాట్సాప్ వీడియో కాల్‌లో 2023 నుంచి స్క్రీన్ షేర్ ఉంది, ఆయనకి అలవాటైన యాప్, కొత్తగా నేర్పే పనిలేదు, కానీ మనం చూడగలం అంతే, నొక్కాల్సింది ఆయనే, "పైన కుడిపక్క నాయనా, ఇంకొంచెం కిందికి" అని చెప్తానే ఉండాల.

క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ అంటే దూరం నుంచే ఇంకొకరి కంప్యూటర్ నడిపే గూగుల్ టూల్, దీనికి మొదట ఒకసారి ఇన్‌స్టాల్ చేసే పని ఉంది. ఆ తర్వాత ఆయన 12 అంకెల కోడ్ చదివి చెప్పి, అనుమతి నొక్కితే మౌస్ నా చేతికొస్తుంది. కోడ్ 5 నిమిషాలే పనిచేస్తుంది, అరగంటకోసారి కొనసాగించాలా అని ఆయన్నే అడుగుతుంది, నాకు బాగా నచ్చింది ఇదే. ప్రింటర్, సెట్టింగుల గోలకి నా ఓటు దీనికే.

ఫోన్‌లో సమస్యైతే వాట్సాపే. ఏది వాడినా, బ్యాంకోళ్లమని ఎవరన్నా ఫోన్ చేసి స్క్రీన్ షేర్ చేయమంటే కట్ చేసేయమని నాయనకి గట్టిగా చెప్పినా.