తిరుమల కల్యాణ వేదిక: వివాహం ఉచితమే, మరి పెళ్లి ఖర్చు?

తిరుమలలో పాపవినాశనం వెళ్లే దారిలో ఉన్న కల్యాణ వేదికలో తిరుమల తిరుపతి దేవస్థానం 2016 నుంచి హిందూ వధూవరులకు ఉచితంగా వివాహాలు జరిపిస్తోంది. ఇటీవల మా చిన్నాన్నగారి అమ్మాయి పెళ్లి అక్కడే జరిగినందువల్ల ఏర్పాట్లన్నీ దగ్గరుండి చూసే అవకాశం కలిగింది. పెళ్లి ఖర్చును అదుపులో పెట్టుకోవాలనుకునే కుటుంబానికి ఈ సేవ ఎంతవరకు ఉపయోగపడుతుందన్న కోణంలోనే ఈ సమీక్ష రాస్తున్నాను.

పురోహితుడు, మంగళవాద్యం, పసుపు, కుంకుమ, కంకణాలు దేవస్థానమే సమకూరుస్తుంది. వివాహానంతరం వధూవరులకూ ఇరువైపుల తల్లిదండ్రులకూ, అంటే ఆరుగురికి, మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం మార్గంలో ఉచితంగా స్వామివారి దర్శనం చేయిస్తారు. లడ్డూ ప్రసాదమూ ఇస్తారు. మంగళసూత్రాలు, మెట్టెలు, మధుపర్కాలు, పూలదండలు, తలంబ్రాలు మొదలైన మిగతా సామానంతా మనమే తీసుకువెళ్లాలి. ఫొటోలు, వీడియోల ఏర్పాటు కూడా మనదే. దేవస్థానం వెబ్‌సైటులో ముందుగా నమోదు చేసుకోవాలి. వధువుకు 18, వరుడికి 21 ఏళ్లు నిండినట్లు ఆధారాలు చూపాలి. రెండో పెళ్లిళ్లు ఇక్కడ జరిపించరు. తల్లిదండ్రుల సమ్మతి లేని జంటలకూ ఇది దారి కాదు.

క్రతువు విషయంలో నాకు పూర్తి సంతృప్తి కలిగింది. ముహూర్తాల రోజుల్లో ఒకదాని వెంట ఒకటిగా వివాహాలు జరుగుతాయి కనుక అంతా సమయానికి సాగుతుంది. జీలకర్ర, బెల్లం పెట్టే క్షణాన్ని ఫొటోగ్రాఫరు కోసం మళ్లీ నటించమనే తీరిక ఎవరికీ ఉండదు. నా దృష్టిలో ఇది లోటు కాదు, సౌకర్యమే. అయితే సన్నాయి వింటూ నెమ్మదిగా మూడు గంటలపాటు సాగే పెళ్లి కావాలనుకునేవారికి ఈ పద్ధతి హడావిడిగా తోచవచ్చు.

ఇక ఖర్చు సంగతి. పెళ్లి సగటున ఎంతవుతుందన్న ప్రశ్నకు ఒక్క అంకెతో జవాబు చెప్పడంలో అర్థం లేదు, ఎందుకంటే బంగారాన్ని పక్కన పెడితే మన పెళ్లిళ్లలో ఖర్చును నిర్ణయించేది విస్తళ్ల సంఖ్య ఒక్కటే. విస్తరికి 500 రూపాయలు అనుకున్నా 800 మందికి నాలుగు లక్షలవుతుంది. అదే 150 మందికైతే 75 వేలతో సరిపోతుంది. హాలు ఎంత పెద్దది కావాలి, అలంకరణ ఎంత మేర చేయాలి, ఎన్ని గదులు తీసుకోవాలి అన్నవన్నీ ఆ సంఖ్యనే అనుసరిస్తాయి. పైగా హాలు అద్దె మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. తొలి బేరంలో ఈ మాట ఎత్తేవారు అరుదు. తెలంగాణ ప్రభుత్వం 2014లో 51 వేల రూపాయలతో మొదలుపెట్టి, తరువాత 1,00,116 రూపాయలకు పెంచిన కల్యాణలక్ష్మి సాయం 800 మంది భోజనాలలో నాలుగో వంతుకు మించి రాదు. అదే సొమ్ము కల్యాణ వేదికలో ఇరవై, ముప్పై మందితో చేసుకునే పెళ్లికి, బంగారం మినహాయిస్తే, బట్టలకూ ప్రయాణాలకూ చాలావరకు సరిపోతుంది.

కల్యాణ వేదిక చేసే అసలు మేలు పురోహితుడి సంభావననో మేళగాళ్ల ఖర్చునో మిగల్చడం కాదు, కొండ మీద పెళ్లి అనే కారణం చూపి పిలుపుల జాబితాను గౌరవంగా కుదించుకునే వీలు కల్పించడం. రాలేని బంధువు నొచ్చుకోడు, పిలవలేనివారికి చెప్పుకోవడానికి ఒక మాట ఉంటుంది. కానీ “ఊళ్లో నలుగురికీ అన్నం పెట్టకపోతే ఎలా?” అని ఇంటి పెద్దలు అడగడం, వెంటనే రిసెప్షన్ పేరుతో ఆ 800 విస్తళ్లూ తిరిగి వచ్చి కూర్చోవడం చాలా ఇళ్లలో జరుగుతోంది. అప్పుడు తిరుమల పెళ్లి పొదుపు కాకపోగా, అదనపు ఖర్చవుతుంది. హైదరాబాదు నుంచి తిరుపతి దాదాపు 560 కిలోమీటర్లు. రెండు వైపులవారి ప్రయాణాలు, తిరుపతిలో బస, కొండపైకి వాహనాలు కలిపితే తక్కువేమీ కాదు. అందుచేత ముహూర్తం పెట్టించుకోకముందే ఆడపెళ్లివారు, మగపెళ్లివారు కలిసి కూర్చుని రిసెప్షన్ ఉందా, ఉంటే ఎందరికి, ఖర్చు ఎవరిది అన్నది కాగితం మీద రాసుకోవాలి. మా ఇంట్లో ఈ చర్చ కాస్త ఘాటుగానే జరిగింది. చివరకు రిసెప్షన్ మానుకుని, గృహప్రవేశం నాడు వీధివారికీ దగ్గరివారికీ భోజనాలు పెట్టారు.

రిసెప్షన్ తప్పనిసరి అనుకునేవారు తమ ఊళ్లో దేవస్థానం కల్యాణ మండపం ఉందేమో ముందుగా కనుక్కోవాలి; తెలుగు రాష్ట్రాల్లో చాలా పట్టణాల్లో ఇవి ఉన్నాయి. మాంసాహారం వడ్డించాలనుకుంటే మాత్రం అక్కడ కుదరదు.

తిరుమల వెళ్లేవారు అతిథుల దర్శనం గురించి కూడా ఆలోచించుకోవాలి. ఉచిత దర్శనం ఆ ఆరుగురికే కనుక, తోడు వచ్చేవారు 300 రూపాయల టికెట్లను నెలల ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, లేదా సర్వదర్శనం వరుసలో నిలబడాలి. భోజనానికి ఇబ్బంది లేదు. తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో భక్తులందరితో పాటు పెళ్లివారూ కూర్చుని తినవచ్చు, మేమూ అలాగే తిన్నాం. గదులు దొరకడం మాత్రం రద్దీని బట్టి ఉంటుంది కాబట్టి, వృద్ధులు వెంట ఉన్నవారు తిరుపతిలోనే బస ఏర్పాటు చేసుకుని వేకువనే కొండెక్కడం మంచిది.