విడిభాగాలు కొని చేయించుకున్న డెస్క్‌టాప్, రెండు బ్యాకప్ డిస్కులు: అయిదేళ్ల వాడకం తర్వాత

2020 చివర్లో పిల్లల ఆన్‌లైన్ తరగతుల కోసం సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు కొని ఈ డెస్క్‌టాప్ అసెంబుల్ చేయించాము. ఇంటెల్ ఐ3-10100 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, విండోస్‌కు 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, ఫొటోలకు 1 టీబీ హార్డ్‌డిస్కు. గ్రాఫిక్స్ కార్డు వద్దనుకుని, ఆ డబ్బుతో అదే బిల్లులో రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు తీసుకున్నాను. ఈ కొనుగోలులో నాకు అన్నింటికంటే తృప్తినిచ్చింది అదే.

వేగం విషయంలో ఫిర్యాదు లేదు. మధ్యలో మరో 8 జీబీ ర్యామ్ వేశాము, అంతే. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది కాబట్టి విండోస్ 11కు మారాము. టీపీఎం 2.0 (విండోస్ 11 అడిగే భద్రతా చిప్ సదుపాయం) లేదని విండోస్ 11 మొదట అడ్డు చెప్పింది. బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, ఆ పనే చేసే ఇంటెల్ పీటీటీని ఆన్ చేయగానే ఒప్పుకుంది. పాత కంప్యూటర్ కొనాలనుకునేవారు, విండోస్ 11 కావాలంటే, ఇంటెల్ ప్రాసెసర్ అయితే 8వ తరం కంటే పాతది తీసుకోకండి.

అసలు పరీక్ష లోపలి హార్డ్‌డిస్కు పెట్టింది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఒకరోజు దాని స్థితి పసుపు రంగులోకి మారింది. డిస్కు తనలో పాడైన సెక్టార్ల (డేటా ఉండే చిన్న చిన్న భాగాల) బదులు వేరేవి వాడుకుంటోందని దాని అర్థం. కొన్ని వారాలకే టిక్కుటిక్కుమంటూ ఆగిపోయింది. అందులో అమ్మ పాడిన మంగళహారతులు, పొలం పాసుపుస్తకాల స్కాన్లు, పిల్లల చిన్ననాటి వీడియోలు ఉన్నాయి. ఒక్కటి కూడా పోలేదు. కేసు విప్పి, కొత్త డిస్కు బిగించి, బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చుకున్నాము. ఫైళ్లు వేలల్లో ఉండటంతో రాత్రంతా పట్టింది.

బ్యాకప్‌కు విండోస్‌లోనే ఉన్న ఫైల్ హిస్టరీ వాడుతున్నాను. గంటకోసారి మారిన ఫైళ్లను కాపీ చేస్తుంది, పాత ప్రతులనూ ఉంచుతుంది. వెనక్కి తెచ్చేటప్పుడు దాని రీస్టోర్ ద్వారానే తేవాలి. డిస్కులోంచి నేరుగా కాపీ చేస్తే ప్రతి ఫైలు పేరు చివర తేదీ, సమయం తగిలించి ఉంటాయి, వాటిని సరిచేయడం పెద్ద తలనొప్పి. ఈ డిస్కు ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉంటుంది, కాబట్టి రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వస్తే ఇదీ దక్కదు. అందుకే రెండో డిస్కు అక్కయ్య ఇంట్లో ఉంటుంది. పండక్కి వెళ్లినప్పుడు తెచ్చి, కొత్తవి చేర్చి, నాలుగైదు ఫైళ్లు తెరిచి చూసి, మళ్లీ అక్కడే పెడతాను. దానికి వెరాక్రిప్ట్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పాస్‌వర్డ్ తాళం వేశాను. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి బీరువాలో ఉంచాము.

గూగుల్ ఫొటోస్ ఉంది కదా అని చాలామంది అడుగుతారు. ఉచితంగా వచ్చేది 15 జీబీ, అందులోనే జీమెయిల్, డ్రైవ్ కూడా. పైగా ఫోనులో ఆ యాప్‌లో ఫొటో తొలగిస్తే గూగుల్ ఖాతాలోంచీ పోతుంది. బ్యాకప్ అయిన ఫొటో ట్రాష్‌లో ఉండేది 60 రోజులే. మూడో ప్రతిగా మంచిదే, ఏకైక ప్రతిగా మాత్రం నేను ఒప్పుకోను.

ఇబ్బందులూ ఉన్నాయి. యూపీఎస్ లేకుండా డెస్క్‌టాప్ పెట్టుకోవద్దు, దాని బ్యాటరీ మాకు మూడేళ్లకే మార్చాల్సి వచ్చింది. వేసవిలో ఫ్యాన్లకు దుమ్ము పట్టి శబ్దం పెరుగుతుంది, ఏటా విప్పి తుడవాలి. బ్యాకప్ డిస్కులు రెండూ చనిపోయిన డిస్కు వయసువే. ఇప్పటికి ఆరోగ్యంగానే ఉన్నాయి. అయినా అక్కయ్య ఇంట్లో ఉన్నదాని స్థానంలో ఈ దసరాకు కొత్త 2 టీబీ డిస్కు పెడుతున్నాను.