ఆరేళ్ళ మాన్‌స్టెరా: దాని ఊడలు కొయ్యకండి

మాన్‌స్టెరా అంటే ఇంట్లో కుండీలో పెంచుకునే, ఆకులు చీలి ఉండే మొక్క. ఆ ఆకులకు చీలికలు ఎలా వస్తాయి, వెలుతురు ఎంత కావాలి అన్నవి అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా. ఆరేళ్ళుగా పెంచుతున్న నేను చెప్పాలనుకున్నది దాని ఊడల గురించే. కణుపుల దగ్గర గోధుమరంగు తాళ్ళలా వేలాడతాయి కదా, అవి. మొదటి రెండేళ్ళు చూడ్డానికి బాగోలేదని వచ్చినదాన్ని వచ్చినట్టే కత్తిరించేశాను. మొక్కకేమీ కాలేదు, అందుకే పట్టించుకోలేదు.

మూడో ఏడు కుండీ మార్చాను. ఎలాగూ పెరుగుతుంది కదా అని ఒకేసారి చాలా పెద్దదాంట్లో పెట్టా. ఉన్న కాసిని వేర్లు అంత మట్టిలో తడిని పీల్చలేవు, పైన పొడిగా కనిపించేది, నేను నీళ్ళు పోస్తూనే ఉన్నా, అడుగున మాత్రం బురద. ముందు కింది ఆకు పసుపైంది, ముదురాకే కదా అనుకున్నా. తర్వాత ఇంకో మూడు. ఆకులు వాలిపోతుంటే దాహమేమోనని మరిన్ని నీళ్ళు పోశాను, అది తలచుకుంటే ఇప్పటికీ బాధే. చివరికి లాగి చూస్తే వేర్లన్నీ నల్లగా, మెత్తగా, పట్టుకుంటే పైతొక్క చేతికొచ్చేస్తోంది, ఒకటే కుళ్ళు వాసన.

కాండంలో పైన రెండు కణుపులే గట్టిగా మిగిలాయి. వాటిలో ఒకదానికి బెత్తెడు ఊడ ఉంది, నా కత్తెరకు దొరకనిది. ఆ ముక్క కోసి, ఊడ మునిగేలా గాజు సీసాలో పెట్టి, నీళ్ళు మారుస్తూ వచ్చా. మూడో వారానికి ఆ ఊడకే పక్కల నుంచి తెల్లటి పిల్లవేర్లు! ఆ రోజు ఎంతమందికి ఫోటో పంపానో. ఇప్పుడు నాకంటే ఎత్తున్నది ఆ ముక్కే. దక్షిణ మెక్సికో నుంచి పనామా దాకా అడవుల్లో ఇది చెట్లెక్కి పెరిగే మొక్క, ఆ పట్టంతా ఊడలదే. అందుకే నాచు చుట్టిన ఊతకర్రకు వాటిని కట్టి తడి ఆరకుండా చూస్తున్నా, అవి కర్రను పట్టుకున్నాక వచ్చిన ఆకులు పాతవాటికి దాదాపు రెట్టింపు.

చాలా సులభమైన మొక్క అని ఇదివరకు చాలామందికి చెప్పాను. ఇప్పుడూ చెబుతాను, కానీ కొత్త కుండీ పాతదానికంటే రెండంగుళాలే పెద్దదుండాలని, వేలు దింపితే పొడిగా తగిలాకే నీళ్ళు పొయ్యాలని కూడా చెబుతాను. నాకు తూర్పు కిటికీ, దాని పక్కన ఖాళీ మూల ఉన్నాయి కాబట్టి కుదిరింది, ఇరుకు గదిలో అయితే కష్టమే. ఇంకోటి, దీంట్లో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి, నమిలితే నోరు మండి వాస్తుంది. మా ఇంట్లో పిల్లులూ పాకే పిల్లలూ లేరు. ఉండుంటే కొనమని ఇంత ధైర్యంగా చెప్పేదాన్ని కాదు.