టోర్నడో యాప్‌కి డబ్బులు కట్టేముందు ఇది చదవండి, నేను 60 డాలర్లు పోగొట్టుకున్నా

మన తెలుగు వాట్సాప్ గ్రూపులో పొద్దున్నుంచి మళ్ళీ ఆ లింకు తిరుగుతోంది, "10 రోజుల ముందే మీ ఇంటి అడ్రస్‌కి టోర్నడో ఫోర్‌కాస్ట్, ఫ్యామిలీ ప్లాన్, నా రిఫరల్‌తో డిస్కౌంట్" అని. పెట్టిన తమ్ముడి మీద నాకేం కోపం లేదు, 2021లో నేనూ ఇలాంటిదే కొన్నా, ఇంకో ముగ్గురి చేత కొనిపించా కూడా, ఆ పాపం కడుక్కోడానికే ఈ పోస్ట్ అనుకోండి. యాప్ పేరు రాయట్లేదు, ఒకటి కాదు ఇదే టైపువి బోలెడున్నాయి.

మేం ఉండేది కెంటకీలో బౌలింగ్ గ్రీన్, సొంతూరు వైజాగ్. ఊరి సంగతి ఎందుకంటే నేను బోల్తా పడింది సగం ఆ వైజాగ్ బుర్ర వల్లే. మనకి తుఫాను ఎలా వస్తుంది, బంగాళాఖాతంలో అల్పపీడనం అంటారు, తర్వాత వాయుగుండం, తర్వాత దానికో పేరు, పోర్టులో ప్రమాద హెచ్చరిక నెంబరు ఎగరేస్తారు, టీవీలో మ్యాపు మీద గీత గీసి చూపిస్తారు. 2014లో హుద్‌హుద్ కూడా వైజాగ్ వైపే వస్తోందని కొన్ని రోజుల ముందే చెప్పారు, అక్టోబర్ 12న వచ్చి మా వీధిలో ఒక్క చెట్టు మిగల్చలేదు. అలా పెరిగినోడికి "10 రోజుల ముందే టోర్నడో" అంటే డౌట్ ఎందుకొస్తుంది చెప్పండి, అమెరికా వాడు ఆ మాత్రం చెప్పలేడా అనుకున్నా.

చెప్పలేడు. అదే అసలు విషయం. తుఫాను వందల కిలోమీటర్ల వెడల్పుండే గుండం, రోజుల తరబడి సముద్రం మీద కనిపిస్తూనే ఉంటుంది. టోర్నడో అంటే మేఘం నుంచి నేలకి దిగే సుడిగాలి, దాని వెడల్పు పెద్దదైతే ఒకటి రెండు కిలోమీటర్లు, ఏ మేఘం కింద పుడుతుందో మహా అయితే కొన్ని నిమిషాల ముందు గానీ తెలీదు. రోజుల ముందుగా చెప్పగలిగేది ఫలానా రోజు ఫలానా ప్రాంతంలో దానికి కావాల్సిన సరుకంతా రెడీగా ఉంటుంది అని, అంతే. ఆ పని ఓక్లహామా నార్మన్‌లో ఉన్న ప్రభుత్వ స్టార్మ్ ప్రిడిక్షన్ సెంటర్ వాళ్ళు రోజూ చేస్తారు, ఫ్రీగా. 2021 డిసెంబర్ 10కి కూడా చేశారు, ముందు రోజుల నుంచే మ్యాపులో రంగు వేసి పెంచుకుంటూ వచ్చి ఆ రోజుకి మోడరేట్‌కి తీసుకెళ్ళారు, అంటే వాళ్ళ అయిదు మెట్లలో నాలుగోది. డిసెంబర్లో! ఇక్కడ టోర్నడో సీజన్ అంటే ఏప్రిల్, మే అని అందరి లెక్క. కానీ ఆ రోజు బయట చలే లేదు, స్వెట్టర్ లేకుండా తిరిగాం, దక్షిణాన మెక్సికో గల్ఫ్ సముద్రం నుంచి తేమగాలి ఎగదన్నుతోంది, పైన చాలా ఎత్తులో జెట్ స్ట్రీమ్ అనే వేగమైన గాలి ఈడ్చికొడుతోంది. అప్పుడు ఇండియా నుంచి వచ్చి ఉన్న అమ్మ మాత్రం "ఇదేం వేడిరా, మాఘమాసం రాకుండానే ఎండాకాలమా" అంది. మా యాప్ ఏం చూపించిందంటే, చిన్న మేఘం బొమ్మ, పక్కన వాన చుక్కలు, "టోర్నడో రిస్క్ తక్కువ".

రాత్రి 9 దాటాక, మా రాష్ట్రంలోనే పడమర వైపున్న మేఫీల్డ్ ఊరిని టోర్నడో కొట్టిందని వార్త వచ్చింది. దాన్ని ట్రాక్ చేసిన తీరు చూసి నాకు మతిపోయింది. పడూకా వెదర్ ఆఫీసు వాళ్ళు రాడార్లో గాలి గిర్రున తిరగడం చూడటమే కాదు, వాన చుక్కలు కానివి ఏవో పైకి లేస్తున్నాయి అని కూడా పట్టేశారు. అవి ఇళ్ళ ముక్కలు. అలా కనిపించిందంటే టోర్నడో నేల మీద ఉందని ఖాయం, చీకట్లో కంటితో చూడక్కర్లేదు. మేఫీల్డ్‌కి టోర్నడో ఎమర్జెన్సీ ఇచ్చేశారు, అది మామూలు వార్నింగ్ కంటే పెద్దది. ఆ ఒక్క టోర్నడో దాదాపు మూడు గంటలు, 266 కిలోమీటర్లు నేల మీదే నడిచింది, గాలి గంటకి 190 మైళ్ళు, ఈఎఫ్4 (నష్టాన్ని బట్టి 0 నుంచి 5 దాకా ఇచ్చే స్థాయిల్లో 4), 57 మంది పోయారు. అందులో 9 మంది కొవ్వొత్తుల ఫ్యాక్టరీలో నైట్ షిఫ్ట్ వాళ్ళు. డాసన్ స్ప్రింగ్స్‌లో ఒకరింట్లో పాత ఫొటో ఎగిరెళ్ళి ఇండియానాలో న్యూ ఆల్బనీలో ఒకావిడ కారు అద్దం మీద పడింది, 200 కిలోమీటర్ల అవతల.

అది మాకు దూరం అనుకుని పడుకున్నాం. యాప్ ఉంది కదా, లేపుతుందిలే అని. అర్ధరాత్రి 1 దాటాక మా ఆవిడ ఫోన్ ఒక్కసారి కీచుమంది, గవర్నమెంట్ అలర్ట్ అది, మా ఊరి మీదికి ఇంకో టోర్నడో వస్తోందని. నా ఫోన్ మోగలేదు, ఎందుకంటే పాప నిద్రలేస్తుందని ఆ అలర్టులు నేనే ఆఫ్ చేసిపెట్టా (తిట్టండి, పడతా). పాపని దుప్పట్లో చుట్టుకుని అమ్మని పట్టుకుని మెట్లు దిగి కింద ఫ్లాట్ పెద్దాయన తలుపు కొడితే ఆయన అప్పటికే బాత్రూంలో పరుపు పరిచి కూర్చున్నాడు, రండి రండి అన్నాడు, ఆరుగురం ఒకే బాత్రూంలో. మాకేం కాలేదు, పైకప్పు షింగిల్స్ కొన్ని పోయాయి, కరెంటు పోయింది. అవతల జెన్నింగ్స్ క్రీక్ వైపు ఇళ్ళు పునాదులే మిగిలాయి. మా కౌంటీలో (మన జిల్లా లాంటిది) 17 మంది పోయారు, పిల్లలు కూడా ఉన్నారు, దాని గురించి ఇంతకంటే రాయలేను.

యాప్ అలర్ట్ ఎప్పుడొచ్చిందో తెలుసా, ఆ బాత్రూంలో కూర్చుని చప్పుడంతా తగ్గాక. "మీ ఏరియాలో సివియర్ వెదర్ ఉండొచ్చు, లైవ్ రాడార్ కోసం ప్రీమియంకి అప్‌గ్రేడ్ అవ్వండి" అని. అక్కడే నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

తర్వాత తీరిగ్గా కూర్చుని అర్థం చేసుకున్నదేంటంటే, యాప్ వాళ్ళు అమ్మేది ప్రభుత్వ వెదర్ సర్వీస్ వాళ్ళ ఫ్రీ వార్నింగే, మధ్యలో వాళ్ళ సర్వర్ తిరిగి లేటుగా వస్తుంది. "లైవ్" రాడార్ కూడా లైవ్ కాదు, రాడార్ కింద నుంచి పైదాకా ఆకాశమంతా ఒకసారి చూడటానికే కొన్ని నిమిషాలు, దాన్ని నున్నగా చేసి రంగులద్ది చూపించేసరికి ఇంకొన్ని, మూలన చిన్న అక్షరాల్లో టైముంటుంది చూడండి. రీఫండ్ అడిగితే కండిషన్స్‌లో "ప్రాణరక్షణ కోసం వాడరాదు" అని ఉందట, అది అతికించి పంపారు. అమ్మేటప్పుడు ఫ్యామిలీ సేఫ్టీ, అడిగితే వినోదం. పైగా తర్వాతి ఏడాది ఆటో రెన్యూవల్‌లో ఇంకో 60 లాగేశారు, బ్యాంకుకి కంప్లైంట్ పెడితే అదొక్కటి వెనక్కొచ్చింది.

ఇంకోటి, మూడో రోజుకే ఎవడో ట్రక్కేసుకుని వచ్చి తలుపు కొట్టి "పైకప్పు ఫ్రీగా చూస్తాం, ఇక్కడ సంతకం పెట్టండి" అన్నాడు. ఆ సంతకం మీ ఇన్సూరెన్స్ డబ్బు వాడి చేతికి రాసిచ్చేది కావచ్చు. మేం అద్దె ఇల్లు కాబట్టి బతికిపోయాం, సొంతిల్లున్న మావాళ్ళు ఒకరు పెట్టి నెలల తరబడి తిరిగారు. సంతకానికి ముందు మీ ఇన్సూరెన్స్ వాళ్ళకి ఒక్క ఫోన్ కొట్టండి.

సరే ఏం కొనాలి అంటారా, ఏం కొనొద్దు, ముందు ఫోన్లో ఎమర్జెన్సీ అలర్టులు ఆన్ చేయండి, ఇప్పుడే, చదవడం ఆపి. అది డబ్బులడగదు, డేటా ప్లాన్ కూడా అక్కర్లేదు. కొనాలనే ఉంటే వెదర్ రేడియో (ప్రభుత్వ వాతావరణ హెచ్చరికలు వినిపించే రేడియో) కొనండి, బ్యాటరీ బ్యాకప్ ఉన్నది, కౌంటీ కోడ్ పెట్టుకునే వీలున్నది. దాన్ని సేమ్ కోడ్ అంటారు, మా వారెన్ కౌంటీది 021227. నేను మొదట చవగ్గా కొన్నదాంట్లో అది లేదు, పది కౌంటీల వార్నింగులకీ రాత్రంతా మోగి మోగి చివరికి అల్మారాలో పడేశాం, ఆ తప్పు చేయకండి. రెండో అంతస్తులో ఉంటే కింద వాళ్ళతో ముందే మాట్లాడి పెట్టుకోండి, తెలీని వాళ్ళ తలుపు అర్ధరాత్రి కొట్టడం ఎంత ఇబ్బందో నాకు తెలుసు. మాకు బుధవారం మధ్యాహ్నం రేడియో టెస్ట్ మోగుతుంది, పోయిన వారం మాది మోగలేదు, చూస్తే పాప బ్యాటరీలు తీసి బొమ్మ కారులో వేసుకుంది.