మిషిగన్ చలికి 1971 షెవ్రొలే సీ10: హీటరును బాగు చేసిన ఒక రేడియేటర్ దుకాణం

నా దగ్గర 1971 నాటి షెవ్రొలే సీ10 పికప్ ట్రక్కు ఉంది. 350 ఘనపుటంగుళాల వీ8 ఇంజను, ఏసీ లేని క్యాబిను, ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకే సీటు. నాలుగేళ్ల క్రితం మా వీధి చివర ఉండే ఒక పెద్దాయన దగ్గర కొన్నాను. కంపెనీ బండికి బిగించే తయారీ నంబరు (వీఐఎన్) పలక మీద ఉన్న ‘ఎఫ్’ అక్షరాన్ని బట్టి ఇది మా మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ కర్మాగారంలో తయారైంది. ఆ ఊరు మా ఇంటికి గంట ప్రయాణం. కిందటి శీతాకాలంలో దీని హీటరును బాగు చేసిన ఒక రేడియేటర్ దుకాణం పనితనం గురించి వివరంగా రాయాలని అప్పటి నుంచీ అనుకుంటున్నాను. ఇక్కడి చలి రాష్ట్రాల్లో పాత బండ్లు ఇష్టంగా ఉంచుకుంటున్న తెలుగువాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే నలుగురున్నారు, వారికైనా ఇది పనికి వస్తుంది. దుకాణం యజమాని ఒక్కరే అన్ని పనులూ చేసుకుంటారు, ప్రచారం వద్దన్నారు, అందుకే పేరు రాయడం లేదు.

నేను తెనాలి దగ్గర పెరిగాను. మా వైపు లారీ డ్రైవర్లకు క్యాబినులోకి వచ్చే ఇంజను వేడిని తప్పించుకోవడమే పెద్ద పని, ఆ వేడిని కావాలని లోపలికి తెచ్చుకునే ఏర్పాటు ఒకటి ఉంటుందన్న సంగతే అప్పట్లో నాకు తెలియదు. అందువల్ల బండి కొన్న మొదటి రెండేళ్లూ హీటరు ఇంతే కాబోలు అని సరిపెట్టుకున్నాను. బయట సున్నాకు 10 డిగ్రీలు కిందికి పడిపోయిన ఉదయాల్లో అరగంట నడిపినా కాళ్లకు చల్లగాలే తగిలేది, అద్దం మీద లోపలి వైపు పొగమంచు పట్టేది, ఫ్యాను మూడు వేగాలలో పెద్ద వేగం ఒక్కటే పని చేసేది. విచిత్రంగా జులైలో, మీట పూర్తిగా చల్లని వైపు పెట్టినా, పక్క సీటులో కూర్చున్న మా అమ్మాయి కాళ్ల దగ్గర సెగ వస్తోందని చెప్పేది. ఈ రెండు ఫిర్యాదులకూ మూలం ఒకటేనని నాకు తట్టలేదు. మొదట చూపించిన ఒక గ్యారేజీలో బండి కిందికి దూరి చూడకుండానే, గొట్టాలు ముట్టుకోకుండానే, హీటర్ కోరు పోయింది, కొత్త అల్యూమినియం కోరు వేయాలి, అన్నీ కలిపి 700 డాలర్లవుతుందని చెప్పారు.

ఈ హీటరు ఎలా పని చేస్తుందో కొంత చెప్పకపోతే తరువాతి సంగతి అర్థం కాదు. ఇంజనును చల్లబరిచే ద్రవమైన కూలెంటు అక్కడ వేడెక్కి, ఇంజను పైభాగంలోని ఇన్‌టేక్ మానిఫోల్డు నుంచి 5/8 అంగుళం గొట్టం ద్వారా కోరులోకి వచ్చి, 3/4 అంగుళం గొట్టం ద్వారా వాటర్ పంపుకు తిరిగి వెళుతుంది. కోరు అంటే డ్యాష్‌బోర్డు కింద పెట్టెలో కూర్చున్న ఒక చిన్న రేడియేటరే. ఏసీ లేని ఈ తరం సీ10లలో ఆ ప్రవాహాన్ని ఆపే వాల్వు ఉండదు. ఇంజను తిరుగుతున్నంతసేపూ, వేసవిలో కూడా, కోరు కాలుతూనే ఉంటుంది. వేడిని ఎక్కువ తక్కువ చేసేదల్లా గాలి నడిచే దారి. బ్లోయరు (ఫ్యాను) తోసిన గాలి కోరు గుండా పోవాలా, దాన్ని తప్పించుకుని పోవాలా అన్నది పెట్టెలోని ఒక రేకు తలుపు తేలుస్తుంది, ఆ తలుపును డ్యాష్‌బోర్డు మీది మీట ఒక సన్నని ఉక్కు కేబుల్ ద్వారా కదుపుతుంది. ఆ తలుపు ఇటు చివరికీ అటు చివరికీ పూర్తిగా ఆనకపోతే చలికాలంలో చల్లగాలి, ఎండాకాలంలో వేడిగాలి దొంగదారిన వస్తాయి.

దుకాణం యజమానికి డెబ్బై ఏళ్లు ఉంటాయి. నేను కోరు మార్చమని అడిగితే, మార్చే ముందు ఇంజను వేడెక్కనివ్వండి అన్నారు. ఇరవై నిమిషాల తరువాత బోనెట్ ఎత్తి రెండు గొట్టాలనూ చేతులతో పట్టుకుని చూసి, నన్నూ పట్టుకుని చూడమన్నారు. వచ్చే గొట్టం వేడిగా ఉండి తిరిగి వెళ్లే గొట్టం చల్లగా ఉంటే కోరు పూడిపోయినట్టు. రెండూ చల్లగా ఉంటే కూలెంటు తక్కువగానో, లోపల గాలి బుడగ చిక్కుకునో, థర్మోస్టాట్ (ఇంజను తగినంత వేడెక్కేదాకా కూలెంటును రేడియేటరుకు పోనివ్వని వాల్వు) తెరుచుకుపోయో ఉన్నట్టు. రెండూ వేడిగానే ఉండి లోపల గాలి చల్లగా ఉంటే తప్పు నీటిది కాదు, గాలిది. నా బండిలో రెండు గొట్టాలూ దాదాపు ఒకే వేడితో ఉన్నాయి, కానీ ఉండవలసినంత వేడి లేదు. థర్మోస్టాట్ విప్పి చూస్తే దాని మీద ఫారెన్‌హీట్ లెక్కలో 160 అని ఉంది. అంటే 71 డిగ్రీల సెల్సియస్‌కే తెరుచుకునే రకం, ఎవరో ఎప్పుడో ఇంజను చల్లగా నడవాలని వేసింది. ఈ ఇంజనుకు తగినది 195 ఫారెన్‌హీట్, అంటే సుమారు 91 డిగ్రీల రకం. ఆ ఇరవై డిగ్రీల తేడా నేరుగా క్యాబినులో తెలుస్తుంది. పాత బండికి హీటరు సరిగా లేదనుకునేవారు ముందుగా ఈ చౌకైన వస్తువును చూసుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

తరువాత ఆయన చేసిన పని నాకు మరీ నచ్చింది. నన్ను లోపల కూర్చోబెట్టి ఫ్యాను ఆపేసి, బండిని కాసేపు రోడ్డు మీద నడిపించారు. ఫ్యాను ఆగినా ఎడమ కాలి పిక్కకు చలిగాలి తగులుతూనే ఉంది. అది హీటరు నుంచి కాదు, తలుపు పక్కన పాదాల దగ్గర ఉండే బయటి గాలి కిటికీ నుంచి వస్తోంది. ఈ బండ్లలో రెండు వైపులా అలాంటి చిన్న తలుపులుంటాయి, వేసవిలో తెరుచుకోవడానికి. మా బండిలో ఎడమవైపు దాని అంచు రబ్బరు ఎండి రాలిపోయింది. రెండేళ్లపాటు నేను హీటరు మీద మోపిన నేరంలో సగం దీనిదే.

గ్లవ్ బాక్సు విప్పి, ఇంజను వైపు నుంచి నట్లు తీసి పెట్టెను బయటికి లాగే పని నేను దగ్గరుండి చూశాను. ఏళ్ల తరబడి కోరు గొట్టాలకు అంటుకుపోయిన రబ్బరు గొట్టాన్ని మెలితిప్పి లాగితే కోరు మెడ దగ్గరి టంకం పగులుతుంది. ఆయన ఓపికగా రబ్బరును నిలువుగా చీల్చి ఒలిచారు. కొత్త గొట్టం పది డాలర్ల వస్తువు, పాత కోరు దొరకదు. పెట్టెలోని తలుపుల అంచులకు ఉండవలసిన స్పాంజి పట్టీ ముట్టుకుంటే పొడి అయిపోయింది. బ్లోయరు గూట్లో, విండ్‌షీల్డ్ కింది జాలీ నుంచి జారిన ఎండుటాకులు రెండు దోసిళ్లు వచ్చాయి. అద్దానికి గాలి తీసుకెళ్లే డక్టు ఒకవైపు అతుకు ఊడి, అద్దానికి పోవలసిన గాలిని డ్యాష్‌బోర్డు వెనుకే వదిలేస్తోంది.

అసలు కోరు రాగి ఇత్తడిది, న్యూయార్క్ రాష్ట్రంలోని లాక్‌పోర్ట్‌లో జనరల్ మోటార్స్ వారి హ్యారిసన్ రేడియేటర్ విభాగం అప్పట్లో చేసిన తరహాది. దానికి తక్కువ ఒత్తిడితో వెనుక నుంచి ముందుకు నీళ్లు పెట్టి కడిగి, 15 పీఎస్ఐ ఒత్తిడితో గాలి నింపి నీళ్ల తొట్టిలో ముంచితే, ఒక మెడ దగ్గర సూదిమొన అంత బుడగలు వరుసగా వచ్చాయి. అద్దం మీద జిడ్డుగా పట్టే పొగమంచుకూ, క్యాబినులో అప్పుడప్పుడూ వచ్చే తియ్యటి వాసనకూ కారణం అదే. కూలెంటు వాసన అది, దానిలోని ఇథిలీన్ గ్లైకాల్ రుచికి తియ్యగా ఉన్నా విషం. ఇంట్లో కుక్కలూ చిన్నపిల్లలూ ఉన్నవారు నేల మీద పడ్డ చుక్కను కూడా వదలకుండా తుడవాలి. ఆయన ఆ మెడను శుభ్రం చేసి మళ్లీ టంకం పోసి, రెండోసారి ముంచి చూపించారు. బుడగ రాలేదు. కొత్త అల్యూమినియం కోరు వేయడం తప్పని నేను అనడం లేదు. పాతది పూర్తిగా పూడిపోతే అదే దారి. కానీ రాగి కోరును మళ్లీ టంకం పోసి బతికించుకోవచ్చు, అల్యూమినియం కోరు కారితే పారేయడమే. ఆ తేడా తెలిసి, కొత్తది అమ్ముకునే అవకాశాన్ని వదులుకుని పాతదాన్ని బాగు చేసినందుకు ఈ దుకాణం మీద నాకు గౌరవం కలిగింది.

ఇక కేబుల్. ఈ మరమ్మతు అంతటిలో ప్రాణం ఇక్కడే ఉంది. కేబుల్ తీగ కాదు, దాని పైతొడుగు ఎక్కడ బిగించారన్నది ముఖ్యం. పెట్టె దగ్గర పైతొడుగును పట్టుకునే క్లిప్పు జారిపోతే, మీట లాగిన దూరంలో కొంత తొడుగు కదలడానికే ఖర్చయిపోతుంది. మీట చివరికి చేరినా తలుపు చేరదు. నా బండిలో తలుపు వేడి వైపు ఇంకా ఒక బొటనవేలి వెడల్పు తెరిచే ఉంది. నేను ఇంటర్నెట్‌లో తెప్పించి తీసుకెళ్లిన కొత్త కేబుళ్ల సెట్టులో ఒక తొడుగు అసలు దానికంటే పొడవుగా ఉండి, వంపు దగ్గర మడత పడి బిగుసుకుంది. ఆయన దాన్ని వాడలేదు. పాత కేబుల్‌నే తుప్పు తుడిచి, గ్రాఫైట్ పొడి పట్టించి, ముందు తలుపును చేతితో చివరికంటా మూసి, ఆ తరువాత మీటను చివర నుంచి వెంట్రుకవాసి వెనక్కి పెట్టి, అప్పుడు క్లిప్పు బిగించారు. తలుపు ఆనిన తరువాత మీటకు ఇంకా కొద్దిగా చోటు మిగలాలి, మీట ఆగిన తరువాత తలుపుకు చోటు మిగలకూడదు అని ఆయన చెప్పిన మాటను నేను కాగితం మీద రాసుకుని గ్లవ్ బాక్సులో పెట్టుకున్నాను.

ఫ్యాను సంగతి తేలికగానే తేలింది. చిన్న, మధ్య వేగాలకు కరెంటు ఒక రెసిస్టరు గుండా వెళుతుంది, పెద్ద వేగానికి నేరుగా వెళుతుంది. అందుకే రెసిస్టరు తీగ తెగితే పెద్ద వేగం ఒక్కటే మిగులుతుంది. దాన్ని గాలి దారిలోనే అమర్చేది చల్లబడడం కోసం, కాబట్టి బయట తీసి బల్ల మీద పెట్టి కరెంటు ఇచ్చి పరీక్షించకూడదు.

లోటుపాట్లు కూడా చెప్పాలి. నవంబరులో బండి ఇస్తే చేతికి రావడానికి మూడు వారాలు పట్టింది, ఆ మధ్యలో ఆయనగా ఒక్కసారీ ఫోను చేయలేదు. శనివారాలు తెరవరు, ఉద్యోగస్థులకు అది ఇబ్బంది. బిల్లులో పనిని విడివిడిగా రాయకుండా మొత్తం 410 డాలర్లని ఒక్క వరుసలో రాశారు. అడిగితే నోటితో వివరంగానే చెప్పారు గానీ, బండి చరిత్రను కాగితాలతో భద్రపరచుకునేవారికి అది చాలదు. గ్లవ్ బాక్సు మరలు రెండు తిరిగి రాలేదు.

ఫలితం మాత్రం కొలిచి చెప్పగలను. పని జరగకముందు, బయట సున్నాకు 9 డిగ్రీలు కింద ఉన్న రోజున, పాదాల దగ్గరి గాలి రంధ్రంలో థర్మామీటరు పెడితే 37 డిగ్రీల దగ్గర ఆగింది. తరువాత అంతే చలి ఉన్న మరో ఉదయం, అదే ఇరవై నిమిషాల ప్రయాణానికి, 57 చూపించింది. అద్దం పది నిమిషాల్లో అంచుల దాకా తేటపడుతోంది. అంతకంటే నాకు సంతోషం కలిగించింది మీట మధ్యలో పెడితే గాలి నిజంగా గోరువెచ్చగా రావడం. ఇదివరకు ఆ మీటను ఎక్కడ పెట్టినా తేడా తెలిసేది కాదు.

హీటరు పెట్టెలోని తలుపులకు అతికించిన కొత్త స్పాంజి పట్టీ రెండు నెలల్లో కొంత అణిగి, ఫిబ్రవరిలో వేడి మళ్లీ కాస్త తగ్గినట్టు అనిపించింది. తీసుకెళ్లి చూపిస్తే ఆయన క్లిప్పు వదులు చేసి, తొడుగును రెండు మిల్లీమీటర్లు జరిపి, మళ్లీ బిగించారు. పది నిమిషాల ఆ పనికి డబ్బు తీసుకోలేదు, పోయిన మరలు రెండూ వెతికి బిగించి పంపించారు.